ఓపెన్‌ఎంఎం: ఇన్‌స్టాల్ చేయడం, సరిగ్గా లెక్కిస్తోందో లేదో తేల్చుకోవడం

అణువుల కదలికను కంప్యూటర్లో లెక్కగట్టే మాలిక్యులర్ డైనమిక్స్ ప్యాకేజీల్లో పైథాన్ తెలిసినవాళ్లకు బాగా అందుబాటులో ఉన్నది ఓపెన్‌ఎంఎం. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మొదలైంది. జనం తమ కంప్యూటర్లను ప్రొటీన్ల లెక్కలకు అరువిచ్చే ఫోల్డింగ్‌ఎట్‌హోం ప్రాజెక్టులో గ్రాఫిక్స్ కార్డు లెక్కలు కూడా దీని మీదే నడుస్తాయి. లోపలి లెక్కంతా సి ప్లస్ ప్లస్‌లో, గ్రాఫిక్స్ కార్డు కోడ్‌లో జరుగుతుంది. మనం రాసేది మాత్రం పైథాన్.

ఇన్‌స్టాల్ చేయడం ఒక్క కమాండ్‌తో అయిపోతుంది. తలనొప్పి అక్కడ కాదు. జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మీద నడుస్తోందనుకున్నది చప్పుడు చేయకుండా సీపీయూ మీద నడవొచ్చు. పరీక్షలో అన్నీ పాసైనా మీ సిమ్యులేషన్లో శక్తి పక్కకు జారిపోతూ ఉండొచ్చు. అందుకే ఇక్కడ ఇన్‌స్టలేషన్ కంటే పరీక్షలకే ఎక్కువ చోటు ఇచ్చాం.

కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లో రాశాం. టెర్మినల్లో అవే పేర్లను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం కావలసిన చోట విడిగా చెప్పాం. పేరు మధ్య అడ్డగీత, చుక్క ఎక్కడ కనిపిస్తే అక్కడ అలాగే పెట్టాలి.

మొదలుపెట్టే ముందు

డిస్కులో నాలుగైదు జీబీలు ఖాళీ ఉంచుకోండి. ప్యాకేజీ చిన్నదే, దానితోపాటు వచ్చే ‘కూడా’ (ఇంగ్లిష్‌లో సి-యు-డి-ఎ; ఎన్విడియా కార్డుల మీద లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) లైబ్రరీలు పెద్దవి. ఎన్విడియా కార్డు ఉంటే ముందుగా టెర్మినల్లో ఇది కొట్టండి:

ఎన్విడియా-ఎస్ఎంఐ

పట్టికలో పైన కుడివైపు ‘కూడా వెర్షన్’ అని ఒక అంకె కనిపిస్తుంది. దాన్ని చాలామంది మెషీన్లో ఇన్‌స్టాల్ అయిన కూడా వెర్షన్ అనుకుంటారు. అది మీ డ్రైవర్ గరిష్ఠంగా ఏ వెర్షన్ వరకు అర్థం చేసుకోగలదో చెప్పే అంకె. 12.2 అని ఉంటే 12.2 దాకా పర్వాలేదు, 12.6తో తయారైన కోడ్ ఇస్తే దానికి అర్థం కాకపోవచ్చు. ఈ అంకెను ఎక్కడైనా రాసిపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

విండోస్‌లో డబ్ల్యుఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వాడేవాళ్లు డ్రైవర్‌ను విండోస్ వైపే వేయాలి. లోపలి ఉబుంటులో ఎన్విడియా లినక్స్ డ్రైవర్ వేస్తే ఉన్నది కూడా చెడుతుంది. ఓపెన్‌ఎంఎం నేరుగా విండోస్‌లోనూ పనిచేస్తుంది కాబట్టి డబ్ల్యుఎస్ఎల్ తప్పనిసరేమీ కాదు. మ్యాక్‌లో ‘కూడా’ సాఫ్ట్‌వేర్ ఉండదు. అక్కడ జీపీయూ పని ఓపెన్‌సీఎల్ (అలాంటిదే, ఏ కంపెనీ కార్డుకైనా పనికొచ్చేది) ద్వారా జరుగుతుంది.

ఇన్‌స్టలేషన్

ప్యాకేజీలను తెచ్చి విడివిడి ఎన్విరాన్‌మెంట్లలో అమర్చే కాండా మార్గాన్నే సిఫారసు చేస్తాం. దానికి మినీఫోర్జ్ చాలు, అనకొండా మొత్తం అక్కర్లేదు. మినీఫోర్జ్ మొదటి నుంచీ కాండా-ఫోర్జ్ ఛానెల్‌నే వాడుతుంది. డీఫాల్ట్స్ ఛానెల్ నుంచి కొన్ని, కాండా-ఫోర్జ్ నుంచి కొన్ని లైబ్రరీలు కలగాపులగంగా వచ్చిన ఎన్విరాన్‌మెంట్లో తర్వాత పుట్టే ఎర్రర్లకు మూలం వెతకడం నరకం. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసే ఫోల్డర్ దారిలో ఖాళీలు లేకుండా చూసుకోండి. యూజర్ పేరు రెండు పదాలైతే సి డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ చేసుకుని అందులో వేయండి.

బేస్ ఎన్విరాన్‌మెంట్ జోలికి పోకుండా దీనికంటూ ఒకటి విడిగా చేసుకోవాలి:

కాండా క్రియేట్ -ఎన్ ఎండీ -సి కాండా-ఫోర్జ్ పైథాన్=3.11 ఓపెన్‌ఎంఎం కూడా-వెర్షన్=12.2

చివరి అంకె స్థానంలో మీరు రాసిపెట్టుకున్నది పెట్టండి. ఎన్విడియా కార్డు లేకపోతే ఆ ముక్క తీసేయండి. తర్వాత:

కాండా యాక్టివేట్ ఎండీ

పిప్ దారి కూడా ఉంది. పిప్ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎంఎం అంటే సీపీయూ, ఓపెన్‌సీఎల్ భాగాలు వస్తాయి. ‘కూడా’ భాగం కావాలంటే పేరు తర్వాత చదరపు బ్రాకెట్లలో కూడా12 అని చేర్చాలి. జీషెల్ వాడేవాళ్లు మొత్తం పేరును కొటేషన్లలో పెట్టాలి, లేకపోతే షెల్ ఆ బ్రాకెట్లను తనకు ఇచ్చిన గుర్తులుగా తీసుకుంటుంది. పిప్‌తో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, ఈ రంగంలోని తోడు ప్యాకేజీలు చాలావరకు కాండా-ఫోర్జ్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. పీడీబీ ఫైళ్లను (ప్రొటీన్ నిర్మాణం రాసి ఉండేవి) సరిచేసే పీడీబీఫిక్సర్ అలాంటిదే. రేపు వాటి అవసరం పడుతుందనుకుంటే మొదటి నుంచీ కాండాలోనే ఉండటం మేలు.

యూనివర్సిటీ క్లస్టర్ మీద వేసేవాళ్లకు ఒక జాగ్రత్త. మనం లాగిన్ అయ్యే నోడ్‌లో సాధారణంగా జీపీయూ ఉండదు. కాండా ఇన్‌స్టాల్ చేసే సమయంలో మెషీన్లో ‘కూడా’ సాఫ్ట్‌వేర్ ఉందా లేదా అని చూసుకుంటుంది. లేదని తేలితే జీపీయూ భాగం లేని బిల్డ్‌నే తెచ్చే ప్రమాదం ఉంది. అందుకని ఇన్‌స్టాల్ చేసే ముందు కాండా_ఓవర్‌రైడ్_కూడా అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (అన్నీ పెద్దక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్లు) 12.2 అని విలువ ఇవ్వండి. ఆ అంకెను జీపీయూ నోడ్ మీద ఒక చిన్న జాబ్ వేసి, అందులో ఎన్విడియా-ఎస్ఎంఐ నడిపి తెలుసుకోవాలి. లాగిన్ నోడ్‌లో ఆ కమాండే ఉండకపోవచ్చు.

మొదటి పరీక్ష: ప్యాకేజీలోనే ఉన్నది

పైథాన్ -ఎం ఓపెన్‌ఎంఎం.టెస్ట్‌ఇన్‌స్టలేషన్

ఇక్కడ ఇన్‌స్టలేషన్‌లోని మొదటి ఐ ఒక్కటే పెద్దక్షరం. అరనిమిషంలో ఫలితం వస్తుంది. ముందు వెర్షన్, ఆ తర్వాత ఎన్ని ప్లాట్‌ఫాంలు (ఒకే లెక్కను వేర్వేరు హార్డ్‌వేర్ మీద నడిపే భాగాలు) దొరికాయో ఒక జాబితా. రిఫరెన్స్, సీపీయూ తప్పకుండా ఉండాలి. ఎన్విడియా మెషీన్లో ‘కూడా’, ఓపెన్‌సీఎల్ పేర్లు సైతం కనిపించాలి. ప్రతి పేరు పక్కన సక్సెస్‌ఫుల్లీ కంప్యూటెడ్ ఫోర్సెస్ అని రావాలి.

దాని కింద ఉండే రెండో భాగాన్ని చాలామంది చదవరు, అసలు చదవాల్సింది దాన్నే. ప్లాట్‌ఫాంలను రెండేసి చొప్పున పోల్చి, అవి లెక్కగట్టిన బలాల మధ్య తేడా ఎంతో అక్కడ చూపిస్తుంది. రిఫరెన్స్‌కూ సీపీయూకూ మధ్య 0.000006 లాంటి అంకె వస్తే అంతా బాగున్నట్టే. సింగిల్ ప్రెసిషన్ సంఖ్యలో ఏడు అంకెల దాకానే కచ్చితత్వం ఉంటుంది. పైగా వేలాది చిన్న బలాలను ఒక్కో ప్లాట్‌ఫాం ఒక్కో వరసలో కూడుతుంది. కూడిక వరస మారితే చివరి అంకెలు మారతాయి. తేడా సున్నా రావాలని ఆశించకూడదు. వెయ్యో వంతు స్థాయిలో తేడా వస్తే మాత్రం ఆగి, డ్రైవర్‌ను అనుమానించాలి.

జాబితాలో ‘కూడా’ అన్న పేరే లేకపోతే ప్లగిన్ లోడ్ కాలేదన్నమాట. కారణం దాచిపెట్టి ఉంటుంది, అడిగితే చెబుతుంది. పైథాన్‌లో ఓపెన్‌ఎంఎం నుంచి ప్లాట్‌ఫాం క్లాసును తెచ్చుకుని, దాని గెట్‌ప్లగిన్‌లోడ్‌ఫెయిల్యూర్స్ ఫంక్షన్‌ను పిలవండి (మొదటి మాట మినహా ప్రతి మాటకూ మొదటి అక్షరం పెద్దది). ఏ లైబ్రరీ ఫైలు దొరకలేదో అందులో పేరుతో సహా ఉంటుంది. లినక్స్‌లో ఓపెన్‌సీఎల్ ఒక్కటే కనిపించకపోతే కాండా-ఫోర్జ్ నుంచి ఓసీఎల్-ఐసీడీ-సిస్టం అనే ప్యాకేజీ వేసి చూడండి. సిస్టంలోని ఓపెన్‌సీఎల్ డ్రైవర్ల చోటును కాండా ఎన్విరాన్‌మెంట్‌కు చూపించడమే దాని పని. డబ్ల్యుఎస్ఎల్‌లో ఓపెన్‌సీఎల్ రాకపోయినా కంగారు పడొద్దు, ‘కూడా’ ప్లాట్‌ఫాం వస్తే చాలు.

‘కూడా’ పేరు కనిపించి, పక్కన ఎర్రర్ వచ్చి, అందులో అన్‌సపోర్టెడ్ పీటీఎక్స్ వెర్షన్ అనీ 222 అనీ ఉంటే, ముందు రాసిపెట్టుకున్న అంకెతో ఇప్పుడు పని పడినట్టే. ఓపెన్‌ఎంఎం తన జీపీయూ కోడ్‌ను ముందే కంపైల్ చేసి ఉంచుకోదు. మీ సిస్టంకు తగ్గట్టు ఆ క్షణంలో కోడ్ రాసి, పీటీఎక్స్ అనే మధ్యంతర రూపంలోకి మార్చి డ్రైవర్‌కు ఇస్తుంది. ఆ పీటీఎక్స్ డ్రైవర్ కంటే కొత్త కూడా వెర్షన్‌ది అయితే డ్రైవర్ చదవలేక చేతులెత్తేస్తుంది. ఒకే 12 సిరీస్‌లో చిన్న తేడాలు ఉన్నా పర్వాలేదని ‘కూడా’ గురించి చెప్పే మాట ముందే కంపైల్ అయిన ప్రోగ్రాములకు వర్తిస్తుంది, ఇలా అప్పటికప్పుడు తయారయ్యే కోడ్‌కు వర్తించదు. డ్రైవర్‌ను కొత్తదానికి మార్చగలిగితే మార్చండి. క్లస్టర్ మీద ఆ అధికారం మనకు ఉండదు కాబట్టి కూడా-వెర్షన్‌నే కిందికి దించాలి:

కాండా ఇన్‌స్టాల్ -సి కాండా-ఫోర్జ్ ఓపెన్‌ఎంఎం కూడా-వెర్షన్=12.2

నో మాడ్యూల్ నేమ్డ్ ఓపెన్‌ఎంఎం అని వస్తే, మూడొంతులు ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేయడం మరిచిపోయి ఉంటారు. అది చేసి ఉండీ ఇంపోర్ట్ దగ్గర వింత ఎర్రర్ వస్తుంటే, మీ ఫోల్డర్లో ఓపెన్‌ఎంఎం.పీవై అనే ఫైలు మీరే పెట్టుకున్నారేమో చూడండి. పైథాన్ ముందు మీ ఫైలునే ఎత్తుకుంటుంది. పాత ట్యుటోరియళ్లలో సిమ్‌టీకే.ఓపెన్‌ఎంఎం అని ఇంపోర్ట్ చేస్తారు. 7.6 వెర్షన్ నుంచి ముందున్న సిమ్‌టీకే అక్కర్లేదు, తీసేయండి.

రెండో పరీక్ష: నీళ్ల పెట్టె

మొదటి పరీక్ష ఒక్క క్షణంలోని బలాలను మాత్రమే చూస్తుంది. కాలం ముందుకు నడిచేకొద్దీ ఏమవుతుందో అది చెప్పదు. అందుకు ప్రొటీన్ అక్కర్లేదు, మంచినీళ్లు చాలు. నీళ్ల గుణాలు మనకు ముందే తెలుసు కాబట్టి తప్పు వస్తే ఇట్టే దొరికిపోతుంది.

ఫోర్స్‌ఫీల్డ్ క్లాసుకు ఆంబర్14 ఫోల్డర్లోని టిప్3పీ.ఎక్స్ఎంఎల్ ఫైలు పేరు ఇవ్వండి (టిప్3పీ అంటే నీటి అణువుకు ఒక ప్రసిద్ధ మోడల్). అది ప్యాకేజీతోనే వస్తుంది. ఖాళీ టోపాలజీతో, ఆంగ్‌స్ట్రామ్ యూనిట్ తగిలించిన ఖాళీ పొజిషన్ల క్వాంటిటీతో ఒక మాడెలర్ తయారుచేసి, యాడ్‌సాల్వెంట్‌తో వైపుకు 3 నానోమీటర్ల పెట్టె నింపండి. దాదాపు 900 నీటి అణువులు పడతాయి. ఆ లెక్క మనమే సరిచూసుకోవచ్చు: ఘనపు నానోమీటరుకు సుమారు 33 అణువులు, పెట్టె ఘనపరిమాణం 27. పెట్టెలో 300 అణువులే ఉన్నా, 30 వేలు ఉన్నా యూనిట్లలో ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

యూనిట్ల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాం. యూనిట్ లేకుండా ఉత్త అంకె ఇస్తే ఓపెన్‌ఎంఎం దాన్ని నానోమీటర్లు, పికోసెకన్లు, కిలోజౌల్ పర్ మోల్‌గా తీసుకుంటుంది. ఆంగ్‌స్ట్రామ్‌లకు అలవాటుపడ్డవాళ్లు కటాఫ్ 9 అని రాస్తే 9 నానోమీటర్లు అవుతుంది, పెట్టె కంటే కటాఫ్ పెద్దదైపోతుంది. ఉత్త అంకెలు ఎప్పుడూ ఇవ్వొద్దు.

సిస్టం తయారుచేసేటప్పుడు నాన్‌బాండెడ్ మెథడ్ పీఎంఈ (దూరపు విద్యుత్ బలాలను లెక్కించే ఎవాల్డ్ పద్ధతి), కటాఫ్ 0.9 నానోమీటరు, కన్‌స్ట్రెయింట్స్ హెచ్‌బాండ్స్ (హైడ్రోజన్ బంధాల పొడవును బిగించేది) ఇవ్వండి. 300 కెల్విన్, పికోసెకనుకు 1 ఫ్రిక్షన్, 2 ఫెమ్టోసెకన్ల స్టెప్‌తో లాంజెవిన్‌మిడిల్ ఇంటిగ్రేటర్ (అణువులను కాలంలో ముందుకు నడిపే భాగం) పెట్టండి. సిమ్యులేషన్ ఆబ్జెక్టుకు ప్లాట్‌ఫాంను పేరు పెట్టి మరీ ఇవ్వండి: ప్లాట్‌ఫాం క్లాసులోని గెట్‌ప్లాట్‌ఫాంబైనేమ్‌కు ‘కూడా’ అన్న పేరు (ఇక్కడ నాలుగక్షరాలూ పెద్దవి) ఇస్తే చాలు. పేరు ఇవ్వకపోతే దొరికినవాటిలో వేగమైనదాన్ని అదే ఎంచుకుంటుంది. ‘కూడా’ లోడ్ కాని రోజున ఏ హెచ్చరికా లేకుండా ఓపెన్‌సీఎల్‌కో, అదీ లేకపోతే సీపీయూకో దిగిపోతుంది. మీ జాబ్ రెండు రోజులు నడిచాక సంగతి తెలుస్తుంది. పేరు ఇచ్చి ఉంటే మొదటి సెకనులోనే ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది, అదే మనకు కావలసింది.

మినిమైజ్‌ఎనర్జీ పిలిచి, స్టేట్‌డేటా రిపోర్టర్ తగిలించి, 50 పికోసెకన్లు నడపండి. రిపోర్టర్లో స్టెప్, పొటెన్షియల్ ఎనర్జీ, టెంపరేచర్, స్పీడ్ ఆన్ చేయండి. మొదటి వరుసలో స్పీడ్ చోట రెండు గీతలు వస్తాయి, అది ఎర్రర్ కాదు. వేగం కొలవడానికి అప్పటికి దాని దగ్గర ఏమీ ఉండదు.

ఉష్ణోగ్రత 300 దగ్గర నిలబడి కదలకుండా ఉండాలనుకోవడం పొరపాటు. ఇంత చిన్న పెట్టెలో అది ఊగుతూనే ఉంటుంది, ఎంత ఊగాలో కూడా లెక్క ఉంది. గట్టిగా బిగించిన ఒక్కో నీటి అణువు 6 స్వతంత్ర రీతుల్లో (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం) కదలగలదు, 900 అణువులకు 5400. రెండును 5400తో భాగించి, వర్గమూలం తీసి, 300తో గుణిస్తే 5.8 కెల్విన్ వస్తుంది. అంటే 290, 308 లాంటి విలువలు మామూలే. 330 కనిపించినా, అంకె అసలు కదలకపోయినా ఏదో తేడా ఉంది.

ఇప్పుడు 1 బార్, 300 కెల్విన్‌తో మాంటేకార్లో బారోస్టాట్ (పీడనాన్ని నిలబెట్టే భాగం) చేర్చండి. కాంటెక్స్ట్ (సిమ్యులేషన్ లోపల లెక్క నడిపే ఆబ్జెక్టు) తయారయ్యాక చేర్చిన ఫోర్స్ లెక్కలోకి రాదు, రీఇనిషియలైజ్ చేయాలి లేదా సిమ్యులేషన్ కొత్తగా కట్టాలి. 100 పికోసెకన్లు సర్దుకోనిచ్చి, తర్వాతి 400 పికోసెకన్ల సాంద్రత సగటు తీయండి. టిప్3పీకి మిల్లీలీటరుకు 0.98 గ్రాముల చుట్టుపక్కల రావాలి. ఒక్కో వరుసలో 0.01 దాకా అటూ ఇటూ ఊగడం సహజమే. అసలు నీళ్ల సాంద్రత 0.997 కదా, మనది తక్కువ వచ్చిందేమిటని బెంగపడొద్దు, ఆ మోడల్ గుణమే అంత. అదే ఫోల్డర్లోని టిప్3పీఎఫ్‌బీతో నడిపితే అసలు విలువకు దగ్గరగా వస్తుంది. రెండింటినీ నడిపి తేడా సరైన వైపే ఉందో లేదో చూడటం కూడా మంచి పరీక్షే.

ఈ దశలో పెట్టె కటాఫ్‌కు రెండింతల కంటే చిన్నదైపోయిందని ఎర్రర్ వస్తే పెట్టెను మరీ బిగుతుగా మొదలుపెట్టారని అర్థం. 3 నానోమీటర్ల పెట్టెకు 0.9 కటాఫ్ ఇస్తే చాలా వెసులుబాటు ఉంటుంది. పార్టికల్ కోఆర్డినేట్ ఈజ్ నాన్ అని వస్తే మినిమైజేషన్ వదిలేశారా, స్టెప్‌ను ఫెమ్టోకు బదులు పికోలో ఇచ్చారా అని చూడండి. మూడొంతులు ఈ రెంటిలో ఒకటే అయి ఉంటుంది.

మూడో పరీక్ష: శక్తి నిలుస్తోందా

అన్నింటిలోకీ గట్టి పరీక్ష ఇదే. ఉష్ణోగ్రతను పట్టి ఉంచే థర్మోస్టాట్ (మన లాంజెవిన్ ఇంటిగ్రేటర్ చేసే పని అదే) తప్పులను కప్పిపుచ్చుతుంది. లెక్కలో లోపం వల్ల వేడి పెరిగితే దాన్ని తీసేసి, ఏమీ జరగనట్టు 300 చూపిస్తుంది. థర్మోస్టాట్, బారోస్టాట్ రెండూ తీసేస్తే మొత్తం శక్తి, అంటే పొటెన్షియల్, కైనెటిక్ కలిపిన విలువ, స్థిరంగా ఉండాలి. ఉండకపోతే దాచడానికి ఏమీ మిగలదు.

సిస్టంను మళ్లీ కట్టండి, ఈసారి కొంచెం పట్టుగా. స్విచ్‌డిస్టెన్స్ 0.8 నానోమీటరు ఇవ్వండి. ఇది లేకపోతే అణువు కటాఫ్ గీత దాటిన ప్రతిసారీ శక్తిలో చిన్న గెంతు పడుతుంది. ఎవాల్డ్ ఎర్రర్ టాలరెన్స్ మామూలుగా 0.0005 ఉంటుంది, దాన్ని 0.00001కి దించండి. రిమూవ్‌సీఎంమోషన్ ఆఫ్ చేయండి. ఇంటిగ్రేటర్ వెర్లే. కన్‌స్ట్రెయింట్ టాలరెన్స్ 0.00000001. ప్రాపర్టీల్లో ప్రెసిషన్‌కు డబుల్ అని ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే ‘కూడా’ ప్లాట్‌ఫాం సింగిల్‌లో నడుస్తుంది. సీపీయూ ప్లాట్‌ఫాంకు ప్రెసిషన్ అనే ప్రాపర్టీ లేదు, ఇస్తే ఎర్రర్ వస్తుంది. మామూలు గేమింగ్ కార్డుల్లో డబుల్ బాగా నెమ్మదిస్తుంది కానీ 900 అణువుల పెట్టెకు అదేమీ అడ్డు కాదు.

రెండో పరీక్షలో స్థిరపడ్డ స్థితి నుంచి పొజిషన్లు, వెలాసిటీలు, పెట్టె కొలతలు తీసుకుని, వాటితోనే రెండు పరుగులు మొదలుపెట్టండి. ఒకటి 2 ఫెమ్టోసెకన్ల స్టెప్‌తో 10 వేల స్టెప్పులు, రెండోది 1 ఫెమ్టోసెకనుతో 20 వేల స్టెప్పులు. రెండూ 20 పికోసెకన్లే. మొదటి పికోసెకను వదిలేసి మొత్తం శక్తి స్టాండర్డ్ డీవియేషన్ తీయండి.

వెర్లే రెండో తరగతి పద్ధతి. స్టెప్ సగం చేస్తే శక్తి ఊగిసలాట నాలుగో వంతుకు పడిపోవాలి. మీ రెండు అంకెల నిష్పత్తి 4కు దగ్గరగా వస్తే బలాలూ శక్తీ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి, ఇంటిగ్రేటర్ తన పని చేస్తోంది. 2 దగ్గరే ఆగిపోయినా, అసలు తగ్గకపోయినా లోపం స్టెప్‌లో లేదు. స్విచ్ పెట్టలేదేమో, టాలరెన్స్ వదులుగా ఉందేమో, ప్రెసిషన్ సింగిల్‌లోనే ఉండిపోయిందేమో ఈ వరసలోనే చూసుకుంటూ రండి. సొంతంగా కస్టమ్‌నాన్‌బాండెడ్ ఫోర్స్ రాసుకునేవాళ్లకు ఈ నిష్పత్తి మరీ ముఖ్యం.

గ్రాఫ్ గీసి కూడా చూడండి. ఊగిసలాట వేరు, ఒకే వైపు వాలిపోవడం వేరు. అంకెలు పైకీ కిందకీ ఊగుతూ ఒకే సగటు చుట్టూ ఉంటే అది స్టెప్ ప్రభావం. గీత మెల్లగా ఎక్కుతూ పోతుంటే ప్రెసిషన్, కన్‌స్ట్రెయింట్‌ల నుంచి వచ్చే జారుడు. ఇదే పరుగును సింగిల్‌లో, మిక్స్‌డ్‌లో (బలాలు సింగిల్‌లో, ఇంటిగ్రేషన్ డబుల్‌లో) చేసి పక్కపక్కన పెట్టుకుంటే మీ పనికి ఏది సరిపోతుందో తెలుస్తుంది. థర్మోస్టాట్‌తో నడిపే రోజువారీ ప్రొటీన్ సిమ్యులేషన్‌కు మిక్స్‌డ్ పెట్టుకోవడం మా అలవాటు. వేగం కాస్త తగ్గుతుంది, నమ్మకం పెరుగుతుంది.

ఒకే ఫలితం రెండుసార్లు వస్తుందా

రాదు, పూర్తిగా రాదు. ర్యాండమ్ సీడ్ ఇవ్వకపోతే ప్రతిసారీ కొత్తది తీసుకుంటుంది. సీడ్ 0 ఇచ్చినా అంతే, సున్నాకు అర్థం నువ్వే ఏదో ఒకటి ఎంచుకో అని. వేరే ఏదైనా అంకె ఇవ్వండి. ‘కూడా’ ప్లాట్‌ఫాం మీద డిటర్మినిస్టిక్‌ఫోర్సెస్ ప్రాపర్టీని ట్రూ చేస్తే బలాలు ప్రతిసారీ ఒకే వరసలో కూడతాయి. ఇన్ని చేసినా రెండు వేర్వేరు ప్లాట్‌ఫాంల మీద ట్రాజెక్టరీలు కొన్ని పికోసెకన్లలో విడిపోతాయి. చివరి అంకెలో ఉన్న తేడా అంతకంతకూ పెరిగిపోతుంది. పోల్చాల్సింది సాంద్రత, సగటు శక్తి లాంటివాటిని, ఏ అణువు ఎక్కడుందో కాదు.

పరీక్షలు పాసైన రోజునే ఎన్విరాన్‌మెంట్‌ను రాసి ఉంచండి:

కాండా లిస్ట్ --ఎక్స్‌ప్లిసిట్ > ఎండీ.టీఎక్స్‌టీ

అందులో ప్రతి ప్యాకేజీ కచ్చితమైన బిల్డ్ చిరునామాతో ఉంటుంది. అదే ఆపరేటింగ్ సిస్టం ఉన్న ఇంకో మెషీన్లో కాండా క్రియేట్‌కు --ఫైల్ అని ఈ పేరు ఇస్తే అవే బిల్డ్‌లు వస్తాయి. నీళ్ల పెట్టె స్క్రిప్టును, దానికి వచ్చిన సాంద్రతను, శక్తి నిష్పత్తిని అదే ఫోల్డర్లో ఉంచండి. డ్రైవర్ మారినా, ఓపెన్‌ఎంఎం వెర్షన్ మారినా, అసలు జాబ్ వేసే ముందు ఆ స్క్రిప్టును ఒకసారి నడిపి పాత అంకెలతో పోల్చండి.